తిప్ప మీది పని గది

మా కంపెనీ హైదరాబాదులో సగం ఆఫీసు ఖాళీ చేసి, ఇష్టమున్నవాళ్లు ఇంటి నుంచే పని చేసుకోవచ్చని చెప్పిన రోజుల్లోనే మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. నేను హాస్టల్ వదిలేసి, బట్టల సంచీ, ల్యాప్‌టాప్ పట్టుకుని మార్కాపురంలో రైలు దిగాను. అక్కడి నుంచి దొనకొండ వైపు ఆటోలో వెళ్తే మా ఊరు. ఇంట్లో ఉండేది ముగ్గురమే. నాయన పొద్దున్నే గొర్రెలు తోలుకుని పోతే సాయంత్రానికి గానీ రాడు. అమ్మను లేపి నడిపించడానికి పగలు నేను తప్ప ఎవరూ లేరు.

నేను చేసేది బస్సు టికెట్లు అమ్మే ఒక యాప్‌కు కోడ్ రాయడం. నాలుగేళ్ల చదువు తర్వాత దొరికిన మొదటి ఉద్యోగం. వదులుకునే ఉద్దేశం నాకు లేదు. అమ్మను వదిలి వెళ్లే ఉద్దేశమూ లేదు. రెండూ ఇక్కడే సాగాలని రైల్లోనే గట్టిగా అనుకున్నాను.

అయితే మా ఊరు గుట్టల మధ్య పల్లంలో ఉంటుంది. ఇంట్లో ఫోన్ మోగుతుంది గానీ ఇంటర్నెట్ నిలవదు. మొదటి రోజు మిద్దె ఎక్కి మా టీం పొద్దుటి వీడియో కాల్‌లో కలిశాను. నేను మాట్లాడుతుండగానే నా బొమ్మ తెర మీద నోరు తెరిచి ఆగిపోయిందట. ఫోన్ చేత్తో పట్టుకుని ఊరంతా తిరిగితే, సిగ్నల్ నిండుగా వచ్చింది ఒక్కచోటే. ఊరి చివర మెరకగా ఉన్న తిప్ప మీద, చర్చి ముందున్న వేపచెట్టు కింద.

అక్కడ ఒక రాయి మీద కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని పని మొదలుపెట్టాను. ఒకరోజు కాల్ మధ్యలో మా టీం లీడ్ ఆగి అడిగింది.

"ఏమిటా శబ్దం?"

"గొర్రెలు మేడం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఎండలు ముదిరేసరికి నవ్వులాట పోయింది. చెట్టు నీడ జరిగే కొద్దీ నేనూ జరగాలి. తెర మీద అక్షరాలు కనిపించవు. ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్ వేడెక్కి, ముఖ్యమైన మాట చెబుతుండగా ఆరిపోయింది. సాయంత్రం లీడ్ విడిగా ఫోన్ చేసింది. ఆమె కటువు మనిషి కాదు, ఉన్నమాట చెప్పే మనిషి.

"నీ పని బాగుంది. కానీ ఇలా మధ్యలో మాయమైపోతే టీం నీ మీద ఆధారపడడం కష్టం. ఈ నెలలో ఏదో ఒక దారి చూసుకో. కుదరకపోతే హైదరాబాద్ వచ్చేయ్."

"చూసుకుంటాను మేడం" అన్నాను. ఏం చూసుకుంటానో నాకే తెలియదు.

మర్నాడు చర్చి పాస్టరు గారి భార్య నీళ్ల బిందెతో చెట్టు దగ్గర ఆగింది. ఊళ్లో అందరూ ఆమెను అమ్మగారు అంటారు. అప్పటిదాకా ఎదురుపడితే తల ఊపడమే తప్ప ఆమెతో మాట్లాడింది లేదు.

"ఎండలో ఏంది పాపా ఇది? ఆ పెట్టె కాలిపోతే ఏం జేస్తావు? చర్చి పక్క గది ఖాళీగా ఉంది. ఫ్యాను ఉంది, ప్లగ్గు ఉంది. వచ్చి కూర్చో."

"మేము చర్చికి వచ్చేవాళ్లం కాదు గదా అమ్మగారూ."

"నేను కూర్చోమన్నా. ప్రార్థనకు రమ్మన్లే."

అమ్మను అడిగితే నాయనను అడగమంది. ఆ సాయంత్రం నాయన దొడ్డిలో ఒక గొర్రె కాలు ఒళ్లో పెట్టుకుని ముల్లు తీస్తున్నాడు. విషయం చెప్పాను. ఆయన ముల్లు బయటికి లాగి, గొర్రెను వదిలేసి, అప్పుడు నా ముఖం చూశాడు.

"ఎండకు నీ మొగం ఎట్లయిందో చూసుకున్నావా? పొయ్యి లోపల కూర్చో."

అట్లా ఆ గది నా ఆఫీసు అయింది. ఆదివారం పిల్లల పాఠాలకు వాడే చాపలు ఒక మూల, క్రిస్మస్ నక్షత్రాల కాగితాలు ఇంకో మూల, గోడ వారగా గుడ్డ కప్పిన పాత కీబోర్డు. వాయించే కీబోర్డు. నేను ఒక బెంచీని కిటికీ దగ్గరికి జరుపుకున్నాను. పొద్దున్నే అమ్మకు మందులిచ్చి, నాయన మందతోపాటు తిప్ప దాకా నడిచేదాన్ని. మధ్యాహ్నం పరుగున ఇంటికెళ్లి అమ్మను వరండాలో అటూ ఇటూ నడిపించి, అన్నం పెట్టి, మళ్లీ వచ్చేదాన్ని. కరెంటు పోతే ల్యాప్‌టాప్‌లో ఉన్న ఛార్జింగ్‌తో నెట్టుకొచ్చేదాన్ని. నెలాఖరుకు లీడ్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అప్పట్లో నాకు అప్పగించిన పని ఒక మొండి తప్పును సరిచేయడం. పండగల రద్దీలో ఇద్దరు మనుషులు ఒకే క్షణంలో ఒకే సీటు నొక్కితే, యాప్ ఇద్దరికీ ఆ సీటు ఇచ్చేస్తోంది. బస్సు ఎక్కాక ఇద్దరూ కొట్లాట. తప్పు ప్రతిసారీ జరగదు, ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. అటువంటివే పట్టుకోవడం కష్టం. నాకంటే ముందు చూసినవాళ్లు వదిలేశారు. నేను వదలదలచుకోలేదు.

పని అయిపోయాక అమ్మగారు వచ్చి కీబోర్డు గుడ్డ తీసి ఆదివారం పాటలు సాధన చేసేది. ల్యాప్‌టాప్ సర్దుకుంటూ వింటూ నిలబడేదాన్ని. ఒకరోజు అడిగేశాను.

"నాకు నేర్పిస్తారా అమ్మగారూ?"

"పొద్దుగూకులూ టకటక కొడతానే ఉంటివి గదా. చాల్లేదా?" అని జరిగి చోటిచ్చింది.

రోజంతా అక్షరాలు కొట్టే వేళ్లు కదా, సులువుగా వస్తుందనుకున్నాను. రాలేదు. టైపు చేసేటప్పుడు మీట నొక్కి వదిలేస్తే చాలు. ఇక్కడ పట్టి ఉంచాలి, ఎప్పుడు వదలాలో తెలియాలి. నా సరిగమలు ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తేవి. అమ్మగారు నా మణికట్టు మీద మెల్లగా తట్టి "నిదానం" అనేది. రోజూ అదే మాట. కోడ్ చిక్కుపడి తల వేడెక్కిన రోజుల్లో ఆ కాసేపు వాయిస్తే మనసు కుదుటపడేది. అందుకే ఒక్క సాయంత్రం కూడా మానలేదు.

అదే ఊళ్లో మాటలకు దారి తీసింది. కీబోర్డు చప్పుడు తిప్ప మీంచి ఊళ్లోకి వినిపిస్తుంది. గొర్రెలోళ్ల పిల్ల చర్చిలో పాటలు వాయిస్తోందని మొదలై, ఆ ఇంటిల్లిపాదీ మతం మారారనే దాకా పోయింది. మా నాయన అన్న, నా పెదనాయన, ఒక సాయంత్రం మా వాకిట్లో మంచం మీద కూర్చుని కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"తమ్ముడా, వచ్చే నెల అమ్మవారి కొలుపులు. మీ ఇంటి పొంగలి పెట్టనియ్యాల్నా వద్దా అని ఊళ్లో మాట్లాడుకుంటా ఉండారు. నాకు తలెత్తుకునేదానికి లేదు."

అమ్మ తలుపు పట్టుకుని నిలబడి చూస్తోంది.

"పెట్టనియ్యకపోతే ఇంట్లోనే పెట్టుకుంటాం" అన్నాడు నాయన. "పిల్ల పని ఆపేది మాత్రం లే."

ఆయన నా కోసం ఊరితో తగాదా పెట్టుకోకూడదు. ఇది నేను తేల్చుకోవలసిన సంగతి.

"పెదనాయనా, రేపొకసారి వచ్చి చూడు" అన్నాను. "నేను ఆడ ఏం జేస్తన్నానో నీ కళ్లతో చూడు. ఆ తర్వాత ఏమన్నా అను, వింటా."

"నేను చర్చిలోకి రానమ్మా."

"చర్చి గాదు, పక్క గది. వాకిలి వేరే ఉంది."

ఆయన వస్తాననలేదు, రాననలేదు. లేచి వెళ్లిపోయాడు.

చర్చి వైపు నుంచీ ఒక మాట వచ్చింది. సంఘ పెద్ద ఒకాయన, తాపీ పని చేసే మనిషి, మరుసటి పొద్దున గది ముందు నన్ను ఆపాడు. ఆయన మాట మెత్తగానే ఉంది.

"పాపా, గది వాడుకుంటన్నావు, మంచిదే. ఆదివారం ఒక్కసారన్నా వచ్చి కూర్చుంటే మావాళ్లకు చెప్పుకునేదానికి ఉంటది."

"రాను మామా. వస్తానని చెప్పి మానేసే దానికన్నా ఇప్పుడే చెప్తున్నా. నేను వచ్చేది పనికి, ఈ వాయించేదానికి. మీరంతా వద్దనుకుంటే మళ్లీ చెట్టు కిందికి పోతా. మీ మీద కోపం పెట్టుకోను."

ఆయన నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయాడు. నేను తాళం తీశాను. సీటు తప్పుకు నేను చేసిన మార్పులు ఆరోజే పరీక్షకు పెట్టాలి.

మధ్యాహ్నం దాటాక గుమ్మంలో కర్ర చప్పుడు వినిపించింది. పెదనాయన. చెప్పులు బయట విడిచి, గది నలుమూలలా చూసి, నాకు దూరంగా బెంచీ చివర కూర్చున్నాడు. నేను కాల్‌లో ఉన్నాను. మాట్లాడుతూనే ఆయనకు మంచినీళ్లు ఇచ్చాను. కాల్ అయ్యేదాకా ఆయన ఆ తెర మీద ముఖాలనే చూస్తూ ఉన్నాడు.

"వాళ్లంతా ఎవురు?"

"నాతో పనిచేసేవాళ్లు. ఆ కళ్లజోడు మేడం మా పెద్ద."

"ఆమె హైదరాబాదులో ఉందా?"

"అవు."

సీటు సంగతి చెప్పాను. ఒక్క సీటు ఇద్దరికి అమ్మితే ఏమవుతుందో ఆయనకు వివరించనక్కర్లేదు. కంభం సంత నుంచి వచ్చే బస్సుల్లో ఆ కొట్లాటలు ఆయన చూసినవే. పరీక్షకు రెండో మనిషి కావాలి. ఆయన ఫోన్ నేను తీసుకుని, ప్రయత్నం కోసం పెట్టిన ఉత్తుత్తి బస్సును తెరిచి చేతికిచ్చాను.

"నేను మూడు అనంగానే ఆ కిటికీ సీటు నొక్కు. నేనూ నొక్కుతా."

ముందు పాత కోడ్‌తో చూపించాను. కొన్నిసార్లు నొక్కాక, ఇద్దరికీ అదే సీటు వచ్చింది. ఆయన తన ఫోనూ నా తెరా పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. తర్వాత నా కొత్త కోడ్. మూడు అన్నాను. నాకు సీటు వచ్చింది, ఆయనకు వేరే సీటు ఎంచుకోమని వచ్చింది.

"నువ్వు ముందే నొక్కినావు."

"లేదు పెదనాయనా."

"మళ్లీ చెప్పు."

ఈసారి ఆయనకు వచ్చింది, నాకు రాలేదు. ఆయన కండువా పక్కన పెట్టి ముందుకు జరిగాడు. ఇద్దరికీ ఇచ్చేదాకా వదలనన్నట్టు నొక్కుతూనే ఉన్నాడు. యాప్ ఇవ్వలేదు. ప్రతిసారీ ఒక్కరికే. అన్ని రోజులుగా నేను వెంటాడిన తప్పు ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. లీడ్‌కు రాస్తే "రేపటి రిలీజ్‌లో పెట్టి అందరికీ పంపుదాం" అని జవాబు వచ్చింది. అది రెండుసార్లు చదువుకున్నాను.

పెదనాయన చూపు కీబోర్డు మీదికి పోయింది.

"ఊరంతా వినపడేది ఇదేనా? వాయించు, చూద్దాం."

కొలుపుల్లో ఆడవాళ్లు కోలాటం వేస్తూ పాడే పాట ఒకటి ఉంది. అమ్మ వంట చేస్తూ పాడుతుంది. దాన్ని నేను సొంతంగా పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా సాధన చేస్తున్నాను. తడబడుతూనే వాయించాను.

"ఇది మనోళ్లు పాడేది గదా."

"అమ్మ పాడుతుంటే నేర్చుకున్నా. చెయ్యి పెట్టేది మాత్రం అమ్మగారు నేర్పించినారు."

ఆయన కీబోర్డు దగ్గరికి జరిగి, "ఇంకోసారి వాయించు" అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి పెదనాయన ఊళ్లో చెప్పిన మాట ఒకటే: "ఆ పిల్ల ఆడ బస్సు సీట్లు అమ్ముతా ఉంది." ఎంత చెప్పినా ఆయన బుర్రలో అది మారలేదు. నెలలోపల హైదరాబాదు పోయేవాళ్లు, బెంగుళూరు పనులకు పోయేవాళ్లు గది ముందు నిలబడి కిటికీ సీటు ఇప్పించమని అడగడం మొదలుపెట్టారు. మతం మాట వెనక్కిపోయింది. పని వేళ అయ్యాక రమ్మని చెప్పి, వాళ్ల ఫోన్లలో టికెట్ ఎట్లా తీసుకోవాలో చూపించేదాన్ని.

కొలుపులప్పుడు మా ఇంటి పొంగలిని ఎవరూ అడ్డుకోలేదు. అమ్మ కర్ర ఊతంతో గుడి దాకా నడిచింది. ఇద్దరు ముగ్గురు మాతో మాట్లాడటం మానేశారు, ఇప్పటికీ మాట్లాడరు. సంఘ పెద్ద కూడా నా వైపు చూసి నవ్వడు. పాస్టరు గారు మాత్రం సంఘంలో ఒకసారి మాట్లాడి, గది నాకే ఉంచారు. ఆయన ఏం చెప్పారో నేను అడగలేదు.

నిరుడు ఊళ్లోకి ఇంటర్నెట్ కేబుల్ వచ్చింది. ఇప్పుడు ఇంట్లోనే, వరండా పక్క గదిలో పని చేస్తున్నాను. అమ్మ ఎవరి సాయం లేకుండా చేను దాకా పోయి వస్తుంది. సాయంత్రాలు తిప్ప ఎక్కి అమ్మగారి పక్కన కూర్చోవడం నేను మానలేదు.

మొన్న లీడ్ ఫోన్ చేసింది. చిన్న టీం ఒకటి కొత్తగా పెడుతున్నారని, దాన్ని నన్ను నడపమని అడిగింది.

"హైదరాబాద్ రాగలవా?"

"ఇక్కడి నుంచే నడుపుతాను మేడం."

ఒక్క నిమిషం ఆగమంది. ఎవరితోనో మాట్లాడి, మళ్లీ ఫోన్ అందుకుంది.

"సరే. సోమవారం పొద్దుటి కాల్ నువ్వే మొదలుపెట్టు."