పడవలు కట్టే గుంజ

యానాం నుంచి బదిలీ మీద పుదుచ్చేరికి వచ్చిన మూడేళ్ళూ, ప్రతి నెలా మొదటి శనివారం నేను పిళ్ళైచావడి తీరాన్ని కొలిచాను. నీరు బాగా వెనక్కి తగ్గే వేళ చూసి, జాలర్లు పడవలు కట్టే గుంజ నుంచి నీటి అంచు దాకా టేపు పరిచి, తేదీ, గంట రాసుకునేవాణ్ణి. ఏ ఏటి సగటు తీసినా నలభై అడుగులకు అటూ ఇటూగానే వచ్చేది. ఒడ్డు నిలకడగా ఉందనీ, ఇళ్ళ ముందు రాళ్ళకట్ట అక్కర లేదనీ నివేదిక రాసి, సోమవారం పంపడానికి సిద్ధం చేశాను.

ఆ శనివారం చివరి కొలత తీస్తుంటే, పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలాయన నవ్వాడు. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం ఆయనది.

“ఏంది సారూ, ఆ గుంజ కాడ్నించా కొలిచేది? ఏటేటా దాన్ని పెరికి ఎనక్కి నాటేది మేమే గదా! అల తగిలే చోట పడవ యాడ కట్టేది?”

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం, పెద్దాయనా?”

“మీరు అడిగితే గదా! వచ్చేది, వంగేది, రాసేది, పొయ్యేది.”

నేను వచ్చిన ఏడాది గుంజ ఎక్కడుండేదని అడిగాను. అల విరుగుతున్న చోటు చూపించాడు.

నా కూడికలన్నీ సరైనవే. సముద్రంతో పాటు నేనూ వెనక్కి నడుస్తూ కొలిచాను, అంతే. ఆయన గుర్తుపట్టిన పాత చోట్లను ఆ రోజే వీధి చివరి బావిగట్టు నుంచి కొలిచి, నివేదిక తిరగరాశాను. మూడేళ్ళ పొరపాటు నాదేనని మొదటి పేరాలోనే ఒప్పుకుని, రాళ్ళకట్ట వెంటనే కావాలని రాసి సంతకం చేశాను.