రెండు వైపులా చెక్కిన రాయి

రాతి మీద అక్షరాలు చెక్కే ఆ ఇంటికి ఒక నియమం ఉంది. ఎవరి పేరు రాతికెక్కుతుందో, లేదా ఎవరు రాయించుకుంటున్నారో, ఆ మనిషే స్వయంగా రావాలి. రాయి ముందు నిలబడి, సుద్దతో రాసిపెట్టిన మాటల్ని పైకి చదవాలి. ఒకసారి కాదు, రెండుసార్లు. చదవందే ఉలి పట్టరు. ఇంటి గుమ్మానికి పేరు పలక కోసం వచ్చిన జడ్జిగారైనా, భార్య సమాధికి రాయి కోసం వచ్చిన బండి తోలేవాడైనా గొంతు సవరించుకుని చదవాల్సిందే. "ఎన్ని చదువులు చదివాననుకున్నావయ్యా నేను?" అని జడ్జిగారు ఒకసారి విసుక్కుంటే, "అన్ని చదివినవారికి ఈ రెండు ముక్కలెంత, కానివ్వండి" అన్నాడట నియమం పెట్టిన ముసలాయన.

ఇప్పుడు ఆ ముసలాయన లేడు. ఉలి ఆయన కోడలి చేతిలో ఉంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కనుబొమలు ఎప్పుడూ రాతిపొడితో తెల్లగా ఉంటాయి. పేటలో చిన్నా పెద్దా అందరూ ఆమెను ఉలిపిన్ని అంటారు. అసలు పేరు ఆమెకే గుర్తుందో లేదో.

నిజానికి ఆ ఉలి ముసలాయన కొడుక్కి రావాలి. కానీ కొడుక్కి రాయంటే హడల్. పదహారో ఏట వేలి మీద సుత్తి దెబ్బ పడితే, వారం రోజులు ఆ వేలిని వీధి వీధికీ తిప్పి చూపించాడు. ఆ తర్వాత పిండిమిల్లులో తూకం దగ్గర కుదురుకుని, హాయిగా ముప్పై ఏళ్ళు తెల్లటి పిండిలో గడిపాడు. కోడలు వచ్చిన కొత్తలో ఒకరోజు, నేల మీద సుద్దముక్కతో కొలబద్ద లేకుండా గీత గీసింది. ముసలాయన వంగి, ఒక కన్ను మూసి, గీత వెంట చూశాడు. వెంట్రుకవాసి వంకర లేదు. "ఇలా రామ్మా" అన్నాడు. అంతే. మొగుడూ పెళ్ళాలిద్దరూ తెల్లగానే ఇంటికి వచ్చేవారు, ఆయన పిండితో, ఆవిడ రాతిపొడితో.

పని చేసే చోటు బస్సుల డిపో గోడ పక్కన రేకుల షెడ్డు. లోపల ఒక నీళ్ళ డ్రమ్ము, తడి గోనెసంచులు, పాత దుంగలతో చేసిన ఎత్తు బల్ల, గోడకి వరసగా చిన్నా పెద్దా ఉలులు. నలభై ఏళ్ళ కిందట ముసలాయన సొంత చేతులతో నిలబెట్టిన షెడ్డు అది. స్థలం మాత్రం మున్సిపాలిటీది. ఏటేటా అనుమతి కాగితం తెచ్చుకోవాలి. ఈ ఏడాది కాగితం ఇంకా రాలేదు.

ఎన్నికల ప్రకటన ఇంకా ఇరవై రోజులుందనగా, ఒక మధ్యాహ్నం షెడ్డు ముందు వ్యాను ఆగింది. నలుగురు మనుషులు ఆయాసపడుతూ ఒక నల్లరాతి పలకను దించి బల్ల మీద పెట్టారు. వాళ్ళ వెనక మెంబరుగారి బావమరిది దిగాడు. మెంబరుగారంటే పదిహేనేళ్ళుగా ఆ పేట నుంచి మున్సిపాలిటీకి గెలుస్తూ, మళ్ళీ నిలబడబోతున్న పెద్దమనిషి. బావమరిది అంటే ఆయనకి చెయ్యి, కాలు, సెల్‌ఫోను.

"పిన్నీ, అర్జెంటు పని. ఈ పాత అక్షరాలు అరగదీసేసి కొత్త తారీఖుతో మళ్ళీ చెక్కాలి. ఆసుపత్రికి శంకుస్థాపన. ఆదివారం ప్రోగ్రాం" అన్నాడు.

ఉలిపిన్ని తడిగుడ్డతో రాయి మీది మట్టి తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. చూపుడువేలు ఒక అక్షరంలోకి దించింది. గోరు మునిగేంత లోతు. ఆ లోతు చెక్కే చెయ్యి ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉండేది.

అది మామగారి రాయి. పదేళ్ళ కిందట, ఇలాగే ఎన్నికల ముందు చెక్కింది. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. నెలకి రెండుసార్లు బస్సెక్కి, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళి వచ్చేవాడు. ముప్పై పడకల ఆసుపత్రి మన పేటలోనే వస్తోందని తెలిసి పొంగిపోయాడు. "ఈ పనికి కూలి పుచ్చుకోను" అన్నాడు. మెంబరుగారు వచ్చి చదవాలని కూడా ఆ ఒక్కసారికి పట్టుబట్టలేదు. నాలుగు అక్షరాలు చెక్కడం, దగ్గడం, మళ్ళీ నాలుగు అక్షరాలు. వద్దని కోడలు ఉలి లాక్కోబోతే ఇవ్వలేదు. "ఇది మన కోసం చెక్కుకునేదమ్మా" అన్నాడు. ఆసుపత్రి స్థలంలో ఇటుకల దిమ్మె కట్టి రాయి బిగించారు. దాని వెనక పిచ్చిమొక్కలు తప్ప మరేమీ లేవలేదు. మూడేళ్ళ తర్వాత ముసలాయన పెద్దాసుపత్రికి వెళ్ళే దారిలోనే, వ్యానులో, కోడలి భుజం మీద తల పెట్టుకుని పోయాడు.

"ఒక్కసారి తిప్పండి" అంది ఉలిపిన్ని.

"వెనకేముంటుంది పిన్నీ?" అన్నాడు బావమరిది. ఎన్నికల పని అతని చేతికొచ్చి రెండేళ్ళే అయింది. పాపం, అతనికి తెలియదు, దిమ్మె నుంచి ఊడదీసిన కూలీలు బయటి వైపు కిందికి వేసి తెచ్చారు. ఉలిపిన్నికి తెలుసు. ఐదేళ్ళ కిందటి ఎన్నికల ముందు ఇదే రాయిని ఊడబెరికి ఆమె దగ్గరికే తెచ్చారు. వెనకవైపు అదే ఆసుపత్రికి కొత్త తారీఖుతో చెక్కమన్నారు, చదవడానికి మాత్రం ఎవరూ రాలేదు. చెక్కింది. ఈసారి కడతారేమోనని తనకి తాను సర్దిచెప్పుకుని, మామగారి అక్షరాలు దిమ్మె వైపుకి పోతుంటే కళ్ళు పక్కకి తిప్పుకుని చెక్కింది. అందుకు ఆమెకి ఇప్పటికీ సిగ్గే. ఆ దిమ్మె ఉన్న వీధి నుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళుతుంది.

"ఏమీ లేదులే" అంది. "ఎవరి పేరు మీద రాయి?"

"ఇంకెవరు, బావగారి పేరు మీదే."

"అయితే ఆయన్నే రమ్మను. చదవాలి."

బావమరిది నవ్వాడు. ఉలిపిన్ని నవ్వలేదు. అతనూ ఆపేశాడు. "ఆయనకి ఊపిరి పీల్చుకునే తీరిక లేదు. నేను చదివేస్తాలే."

"నీ పేరు చెక్కేటప్పుడు నువ్వు చదువుదువుగాని."

అతని మొహం మాడింది. వెళ్తూ వెళ్తూ రేకుల కప్పు వంక ఒకసారి చూశాడు. "మీ షెడ్డు కాగితం బావగారి బల్ల మీదే ఉంది పిన్నీ. సంతకం ఒక్కటే తక్కువ" అన్నాడు, చాలా మర్యాదగా.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడు కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. "మనకెందుకే" అన్నాడు. అది ఆయన ఊతపదం. వీధిలో కుక్కలు కొట్లాడుకున్నా, దేశంలో ప్రభుత్వం పడిపోయినా ఆయన అనేది అదే. "అరగదీసి ఇచ్చేస్తే పోయేదిగా. షెడ్డు పోతే ఎక్కడ కూర్చుంటావు?"

"అరగదియ్యాల్సింది మీ నాన్న అక్షరాలు."

ఆయన కంచం పక్కకి జరిపాడు.

"ఒకసారి దిమ్మె వైపుకి తిప్పేశాను. ఆ పాపం నాది. ఈసారి నా చేత్తో చెరపమంటున్నారు. షెడ్డు పోతే పోనీ, ఈ పని మాత్రం చచ్చినా చెయ్యను" అంది. ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

మెంబరుగారు శుక్రవారం ప్రచారానికి ఆ పేటకే వచ్చారు. వెంట మైకు బండి, ఫోటోలు తీసేవాళ్ళు, జెండాలు పట్టుకున్న పాతిక మంది. రాతిపనివాళ్ళ నియమాన్ని గౌరవించి స్వయంగా వచ్చిన నాయకుడు అనిపించుకుంటే మంచిదేగా అని ఎవరో ఆయనకి నూరిపోసినట్టున్నారు. షెడ్డు ముందు జనం మూగారు. డిపో నుంచి డ్యూటీ దిగిన డ్రైవర్లు, కుళాయి దగ్గరి ఆడవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

ఉలిపిన్ని రాయిని శుభ్రంగా కడిగి బల్ల మీద నిలబెట్టి ఉంచింది. అక్షరాల్లో సుద్ద నింపి ఉంచడంతో నల్లరాతి మీద తెల్లగా, వీధి అవతల నుంచి కూడా కనబడుతున్నాయి.

"ఏదమ్మా, కొత్త మాటలెక్కడ?" అన్నారు మెంబరుగారు.

"ముందు పాతవి చదవాలండి. చెరిపేవి చదివాకే కొత్తవి. అది మా ఇంటి నియమం."

ఈ రెండో నియమం మామగారు పెట్టిందో, ఆ క్షణాన కోడలు పెట్టిందో ఆ మామగారికే తెలియాలి. మెంబరుగారికి పట్టింపు లేదు. బావమరిది మైకు అందించాడు. ఆయన గొంతు విప్పి చదివారు. ముప్పై పడకల ఆసుపత్రికి శంకుస్థాపన, తమ పేరు, తమ హోదా, పదేళ్ళ కిందటి తారీఖు. చదివి ఊరుకోలేదు. "చూశారా, ఈ పేటకి ఆసుపత్రి కావాలని పదేళ్ళ కిందటే కలగన్నవాణ్ణి నేను!" అన్నారు. జెండాలవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు వెనకవైపు" అంది ఉలిపిన్ని, రాయికి ఒక అంచు పట్టుకుని.

అది ఒక్కరు తిప్పగలిగే రాయి కాదు. ఆమె జెండాలవాళ్ళ వైపు చూసింది. వాళ్ళు బావమరిది వైపు చూశారు. బావమరిది నేల వైపు చూశాడు. ఎవరూ కదలలేదు. అప్పుడు షెడ్డు మూల నుంచి, నీళ్ళ డ్రమ్ము వెనక అంతసేపూ దాక్కున్నట్టు నిలబడ్డ మొగుడు వచ్చాడు. రెండో అంచు పట్టుకున్నాడు. "ఊఁ, ఎత్తు" అన్నాడు పెళ్ళాంతో. ఇద్దరూ కలిసి రాయిని తిప్పారు.

అదే ఆసుపత్రి. అవే ముప్పై పడకలు. అదే పేరు. తారీఖు మాత్రం ఐదేళ్ళ కిందటిది.

మెంబరుగారు మైకు దగ్గరికి తెచ్చుకున్నారు. "ఇది... ఎన్నికలయ్యాక కూర్చుని మాట్లాడుకుందామమ్మా" అన్నారు. ఆ నీళ్ళు నమలడం కూడా మైకులో ఊరందరికీ వినబడింది. కుళాయి దగ్గరి ఆడవాళ్ళలో ఒకామె బిందె కింద పెట్టి ముందుకు వచ్చింది. "ఆయన చదవకపోతే నేను చదువుతా" అని మొదలుపెట్టింది. మొదటి మాట దగ్గర ఒక్క గొంతే. తారీఖు దగ్గరికి వచ్చేసరికి పదిహేను గొంతులు.

"నేను చెరపనండి. కొత్తది చెక్కను కూడా. ఆ పడకల్లో ఒక్కటి వచ్చున్నా మా మామగారు ఇంకో నాలుగేళ్ళు బతికుండేవారు. రాయికి రెండు వైపులే ఉంటాయి, రెండూ అయిపోయాయి" అంది ఉలిపిన్ని.

మైకు బండి పాట పెట్టుకుని పక్క వీధిలోకి జారుకుంది. రాయి షెడ్డులోనే ఉండిపోయింది, ఆదివారం ప్రోగ్రాం ఊసెత్తినవాళ్ళు లేరు.

ఇంతా జరిగాక మెంబరుగారు ఓడిపోయి ఉంటారని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మంచితనం. ఆయన గెలిచారు. కాస్త తక్కువ మెజారిటీతో గెలిచారు, అంతే. ప్రమాణ స్వీకారమైన తొమ్మిదో రోజున షెడ్డు తీసేయమని నోటీసు వచ్చింది. పన్నెండో రోజున మనుషులు వచ్చి రేకులు విప్పేశారు. నలభై ఏళ్ళ షెడ్డు గంటన్నరలో నేలమట్టమైంది. ఉలిపిన్ని అడ్డం పడలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఉలులన్నీ గోనెసంచిలో చుట్టుకుంది. డ్రమ్ము, బల్ల, రాయి మొగుడితో కలిసి తోపుడుబండి మీదికి ఎక్కించింది. ముందు ఆమె లాగుతుంటే వెనక మొగుడు తోశాడు.

"ఎక్కడికే?" అని అడిగాడు సగం దారిలో.

"మన కోసమని మీ నాన్న రాయి చెక్కిన చోటికి" అంది.

ఐదేళ్ళుగా చుట్టు తిరిగి తప్పించుకున్న వీధిలోకే బండి నేరుగా మళ్ళింది. ఆసుపత్రి స్థలంలో మోకాలెత్తు పిచ్చిమొక్కలు, మధ్యలో ఖాళీ దిమ్మె. ఇద్దరూ రెండు రోజులు మొక్కలు పీకారు. దిమ్మెను పైనుంచి కొంత కొట్టేసి, రాయిని రెండు వైపులా కనబడేలా మధ్యలో నిలబెట్టి సిమెంటు పోశారు. పక్కనే నాలుగు కర్రలు పాతి, పైన టార్పాలిన్ కట్టి, బల్ల వేసుకుంది. మూడో రోజు ఒక డ్రైవరు తన కొత్త ఇంటి పేరు పలక కోసం వెతుక్కుంటూ వచ్చి, బుద్ధిగా రెండుసార్లు చదివి వెళ్ళాడు.

నెల తిరక్కుండానే మున్సిపాలిటీ గుమాస్తా ఒకతను నోటీసు పట్టుకుని వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడిలా ఉన్నాడు, చొక్కా మడత ఇంకా విరగలేదు.

"ఇది ప్రభుత్వ ఆసుపత్రి స్థలం. ఖాళీ చెయ్యాలండీ" అన్నాడు.

"ఆసుపత్రి పని ఎప్పుడు మొదలుపెడుతున్నారు బాబూ?"

"అది నాకు తెలీదండీ."

"సరే, ఆ నోటీసు నాకు చదివి వినిపించు. దానికి ముందు ఈ రాయి చదువు, అటూ ఇటూ. ఇక్కడ ఏ పనైనా చదివాకే."

అతను మొహమాటపడ్డాడు. ఆమె మొహం చూసి కాదనలేకపోయాడు. ముందువైపు చదివాడు. పిచ్చిమొక్కల మొదళ్ళు తొక్కుకుంటూ వెనక్కి వెళ్ళి అదీ చదివాడు. మళ్ళీ ముందుకు వచ్చి తారీఖు చూసుకున్నాడు. చేతిలో నోటీసు అలాగే ఉంది.

"పునాదికి మొదటి పార పడ్డ రోజున నువ్వు లేపక్కర్లేదు, నేనే లేచిపోతాను. కొత్త రాయి కూడా చెక్కి ఇస్తాను, మా మామగారిలాగే కూలి పుచ్చుకోకుండా" అంది ఉలిపిన్ని.

"అదే, త్వరగా కానిమ్మని చెప్పండి. ఎండలు ముదురుతున్నాయి" అన్నాడు మొగుడు టార్పాలిన్ కింద నుంచి.

గుమాస్తా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "మరి పైవాళ్ళకి నేనేం చెప్పనండీ?"

"నన్ను లేపాలంటే కట్టమను" అని ఉలిపిన్ని బల్ల మీది కొత్త పలక మీద నీళ్ళు చల్లి సుత్తి అందుకుంది.