పిన్నిగారి సంఘం

మిమ్మల్ని నోరారా ‘పిన్నీ’ అని పిలిచే మనిషే మిమ్మల్ని గేటు బయట నిలబెడితే, మీరు చుట్టాలా, కూలీలా?

ఈ ప్రశ్న నాకు ఎదురైంది కరోనా ఏడాది, లాక్‌డౌన్ సడలించాక. అప్పుడు నేను తెనాలి కార్మిక శాఖ కార్యాలయంలో సహాయ అధికారిని. రేపల్లె ప్రాంతం కూడా నా పరిధిలోదే. నిజాంపట్నం దారిలో ఒక రొయ్యల కంపెనీ ఉండేది. ఆడవాళ్లు వరసగా నిలబడి రొయ్యల తలలు తీసి, పొట్టు వలిచి ఐసులో వేసేవారు. ఆ ఏడాది విదేశీ ఆర్డర్లు పడిపోయాయి. ఎవరికి పని ఉందో, ఎవరికి లేదో పొద్దున్నే గేటు దగ్గర సూపర్‌వైజర్ వేలు చూపించి తేల్చేవాడు. ఆ వేలికి విసిగి వాళ్లు సంఘం పెట్టుకున్నారు. నమోదుకు దరఖాస్తు చేయగానే, సంతకాలు పెట్టిన నాగమణి గారినీ, ఆవిడ తోటివాళ్లనూ యజమాని పనిలోంచి ఆపేశారు.

సంఘాన్ని నమోదు చేసేది వేరే అధికారి. నా పని రాజీ చర్చ, అంటే ఇరుపక్షాలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం. ఆజ్ఞాపించే అధికారం లేదు. కుదరకపోతే కుదరలేదని పైకి రాసి పంపాలి. ప్రభుత్వం నాకిచ్చిన ఆయుధాలు కాసిని కుర్చీలు, ఒక ఫ్యాను.

నాగమణి గారూ, తోటివాళ్లూ ముందే వచ్చి కూర్చున్నారు. యజమాని ఆలస్యంగా వచ్చారు. “పిన్నిగారూ, బాగున్నారా?” అని నాగమణి గారిని పలకరించి మరీ కూర్చున్నారు. “మాదంతా ఒకే కుటుంబమండి. కుటుంబంలో యూనియన్ ఏంటండి? అదీ మార్కెట్ ఇలా ఉన్నప్పుడు!”

మార్కెట్ బాగున్నప్పుడు సంఘం మాటెత్తితే ‘అన్నీ బాగున్నాయిగా, ఎందుకు?’ అన్నది ఆయనేనని ఆవిడ గుర్తుచేశారు. మరి సంఘానికి ముహూర్తమెప్పుడని నేనడిగాను. వెటకారం ఆయనకు అందలేదు.

“వాస్తు సిద్ధాంతిగారు చూశారండి. గేటున్న ఈశాన్య మూలలో బరువుందట. గేటు దగ్గర జనం గుమిగూడటం మంచిది కాదన్నారు. గుమ్మడికాయ కూడా కట్టించాం.”

“పిన్నినన్నావు కాబట్టి నువ్వంటున్నా, అబ్బాయ్,” అన్నారు నాగమణి గారు. “మేం ఏ మూల నిలబడితే అమెరికా ఆర్డర్లు వస్తాయో చెప్పు. అక్కడే నిలబడతాం.”

మాట మార్చడానికి, ఆలస్యమెందుకైందని ఆయన్ని అడిగాను. బాపట్లలో ఎగుమతిదారుల సంఘం మీటింగుకు వెళ్లారట. ఏం తీర్మానించారన్నాను.

“కష్టకాలం కదండి. ఎవరి దారిన వాళ్లం పోతే అందరం మునుగుతాం, ఒక్క మాట మీద ఉండాలని...” అంటూ ఆయనే ఆగిపోయారు.

మాస్కుల వెనక నవ్వులు మొదలయ్యాయి. “మేమూ అదే అనుకున్నాం అబ్బాయ్,” అన్నారావిడ. “కాకపోతే మీ మీటింగులో టిఫిన్లు కూడా పెట్టుంటారు!”

సంఘం పెట్టినందుకు పని తీసేయడాన్ని చట్టం ఒప్పుకోదని, కుదరకపోతే ఆ మాటే పైకి రాస్తానని చెప్పాను. ఆయన కాసేపు ఫ్యాను వంక చూశారు. చివరికి ఒప్పందం కుదిరింది. ఆపినవాళ్లు పనిలోకి రావాలి. ఉన్న పనిని అందరూ వంతులవారీగా పంచుకోవాలి. ఆ వంతులు కంపెనీ, సంఘం కలిసి వేయాలి.

తర్వాత సంఘం నమోదైంది. ఆర్డర్లు మాత్రం చాలాకాలం రాలేదు. గుమ్మడికాయ కుళ్లింది. గేటు దగ్గర సూపర్‌వైజర్ వేలు దిగింది.

గిరాకీ పడిపోవడం సంఘాన్ని వాయిదా వేయడానికి కారణం కాదని అక్కడ నేర్చుకున్నాను. నష్టాన్ని పంచేటప్పుడే, ఎవరి వాటా ఎంతని అడిగే నోరు కావాలి. ‘పిన్నీ’ అన్న పిలుపు ఆ పని చేయదు.

మీరు యజమానులైతే, సంఘం పెట్టినవాళ్లకు గేటు తెరవండి. పనివాళ్లైతే, మంచి రోజుల కోసం ఆగకండి. ఈ వారమే పక్కవాళ్లను పిలిచి కూర్చోండి. టిఫిన్లు లేకపోయినా సరే.