పచ్చి వస

మూడేళ్లు నిండినా మా అమ్మాయి నోట ఒక్క మాట రాలేదు. తప్పు నాదేనని మా అత్త తేల్చేసింది. పురిటి స్నానం నాడు పిల్ల నాలుక మీద వస అరగదీసి పెట్టలేదట. పెట్టాల్సిన పెద్దమనిషి ఆమే, ఆ రోజు ఊళ్లో లేనిదీ ఆమే. అడిగేదెవరు? ఆమె నాలుక మీద మాత్రం చిన్నప్పుడు ఎవరో శేరు వస పెట్టి ఉంటారు.

"పిల్ల మాట్లాడిననాడే నువ్వు తల్లిగారింటికి పోవుడు. అందాక గడప దాటుడు లేదు," అంది. మాటరాని పిల్లను చంకనేసుకుని తిరిగితే నలుగురూ నవ్వుతారని ఆమె భయం. రోజూ గనిలోకి దిగే మా ఆయన తల్లి ముందు మాత్రం పిల్లి. బెల్లంపల్లిలో రెండు గదుల క్వార్టర్, వెనక జానెడు పెరడు, చుట్టూ గోడ, పొద్దస్తమానం బొగ్గు పొగ. నాకు ఊపిరాడేది కాదు.

ఎండు వస పనిచేయదు, ఇంట్లో పెరిగిన పచ్చిదే కావాలని అత్త పట్టు. కొండగట్టుకు పోయినప్పుడు వేర్లు అమ్మేవాడి దగ్గర నాలుగు దుంపలు కొనుక్కొచ్చింది. స్నానం నీళ్లు పారేచోట నాటాను. పొడుగాటి ఆకులు నిటారుగా లేచాయి. ఆర్నెల్లు కంటికి రెప్పలా చూసుకున్నాను.

పక్క క్వార్టర్‌లో కొడుకు దగ్గరుండే ముసలామెను నేను ఖాలా అనేదాన్ని, అంటే వాళ్ల మాటలో పిన్ని. ఒకరోజు గోడ మీదుగా చూసి పకపకా నవ్వింది.

"అరె బిడ్డా, గిది వస కాదు, జమ్ముగడ్డి. చాపలల్లుకో."

నేను ఏడ్వడం చూసి నవ్వు ఆపింది. కరీంనగర్‌లో తన తమ్ముడి బావి పక్కన అసలు వస ఉందని చెప్పి, తర్వాత అక్కడికి పోయినప్పుడు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది.

"ఆకు జర నలిపి వాసన చూడు."

నలిపాను. పొగకు నా ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది, ఏమీ తెలియలేదు. ఖాలా నా వేలు పట్టుకుని ఆకు మీద నడిపించింది. జమ్ము ఆకు నున్నగా ఉంటుంది. దీనికి ఉబ్బెత్తుగా ఒక ఈనె ఉంది, అదీ సరిగ్గా నడిమికి కాదు, ఓ పక్కకు. నా కూతురు మాత్రం ఆకు వాసన చూసి మొహమంతా నవ్వింది.

అంచు పగిలిన నీళ్ల గోళెంలో నల్లమట్టి నింపి నాటాను. దుంప పైకి కనిపించాలి, కింద బురద ఆరకూడదు. ఎండాకాలం నల్లా నీళ్లు నాలుగు రోజులు రాకపోయేసరికి ఆకులన్నీ పండి వాలిపోయాయి. నా గతి ఇంతేననుకున్నాను.

"ఫికర్ చెయ్యకు, గడ్డ సావదు," అంది ఖాలా. తొలివానకు అయిదు పిలకలు లేచాయి. పిల్ల రోజంతా గోళెం పక్కనే కూర్చుని, ఆకులు గిల్లి వాసన చూసేది.

మరుసటి వానాకాలానికి దుంపలు వేలెడు లావయ్యాయి. ఒక పొద్దున అత్త మంచిరోజని చెప్పి ఒక కొమ్ము తవ్వించుకుంది. సాన, తేనె ముందు పెట్టుకుని కూర్చుంది. నేను పెరట్లో మట్టి సర్దుతున్నాను. ఖాలా మనవరాలు, కరీంనగర్ నుంచి ముందురోజే వచ్చిన అయిదేళ్ల పిల్ల, మా అమ్మాయితో ఆడుతోంది.

గని సైరన్ మోగింది.

మా కాలనీలో సైరన్‌కు ఎవరమూ తల తిప్పం. తిప్పితే కొత్తవాళ్లని అర్థం. ఆ పిల్ల కెవ్వున అరిచి, చెవులు మూసుకుని గోడకు అతుక్కుపోయింది. నా కూతురు దాన్ని వింతగా చూసింది. ఎందుకు భయపడుతోందో తెలియక చుట్టూ వెతికింది. తర్వాత తనూ చెవుల మీద చేతులు పెట్టుకుని, ఆట అనుకుని నవ్వింది.

ఇత్తడి చెంబు తీసుకుని నా కూతురి వెనకాల బండకేసి కొట్టాను. ఖాలా మనవరాలు మళ్లీ ఏడ్చింది. నా బిడ్డ తీరిగ్గా ఆకు గిల్లుకుంటోంది. మళ్లీ కొట్టాను. గిల్లిన ఆకు నా ముక్కు దగ్గర పెట్టడానికి ఇటు తిరిగింది.

దాదాపు అయిదేళ్లు కన్నతల్లినై ఉండి ఇది చూడలేకపోయాను.

దాన్ని ఎత్తుకుని ఇంట్లోంచి వాకిలి వైపు నడిచాను. అత్త సాన మీద వస అరగదీస్తోంది.

"ఏడికే? పిల్లకు ఇంకా మాట రాకపాయె!"

"రాదత్తా," అన్నాను. "దీనికి ఇనవడదు. దవాఖానకు తీస్కపోతున్న."

సాన మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. నేను గడప దాటాను.