చప్పట్లు తీసేశాక

ఉదయం ఆరూ నలభైకి మా అపార్టుమెంటు నీళ్ల మోటారు ఆగింది. నా భార్య రికార్డింగు మొదలుపెట్టే వేళ అది. పద్మారావు నగర్‌లోని ఈ ఇంట్లోనే ఆవిడ ఆరేళ్లపాటు, కళ్లు కనిపించని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసింది. ఆఖరిది డిగ్రీ చరిత్ర పుస్తకం. ఒక్క పాఠం మిగిలి ఉండగా ఆవిడ పోయింది.

ఆవిడ కుర్చీలో కూర్చుని కంప్యూటర్ తెరిచాను. ఆ పుస్తకం కోసం ఎదురుచూస్తున్న బన్సీలాల్‌పేట్ అమ్మాయికి అంతకుముందే ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే పంపాను. ముందురోజు సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"అంకుల్, ఆంటీ గొంతు అసలు ఇనబడ్తలేదు. సౌండ్ పెంచితే మధ్యల చప్పట్లు! చెవులు పోతున్నయ్. నేను నిద్రపోతున్ననని కొడుతున్నరా ఏందీ?"

"నిన్ను లేపడానికి కాదమ్మా. తప్పు చదివితే గుర్తు కోసం కొట్టేది."

"నాకు పరీక్ష మూడు వారాలే ఉంది అంకుల్. చదివి ఇనిపించేటోళ్లు వేరే లేరు."

తప్పు దొర్లితే ఆవిడ రికార్డింగు ఆపేది కాదు. ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి, వాక్యం మళ్లీ చదివేది. ఆ చోట స్క్రీన్ మీద పొడుగాటి గీత కనిపిస్తుంది. తర్వాత వెతికి తీసేయడం సులువు. ఈ పుస్తకానికి ఆ సమయం దొరకలేదు.

నేను ముందు ధ్వని మొత్తాన్ని పెంచే బటన్ నొక్కాను. గొంతు పెరగలేదు. ఫైలులో అన్నిటికంటే పెద్ద శబ్దం హద్దు దాటనంతవరకే ఆ ప్రోగ్రాం పెంచుతుంది. చప్పట్లు అప్పటికే హద్దు దగ్గర ఉన్నాయి. ముందు అవి పోవాలి.

అసలు ఫైళ్లు వేరుగా దాచి, కాపీల్లో కోశాను. తప్పు వాక్యం, చప్పట్లు, ఒక్కోచోట వాటి వెనక "ఛ, మళ్లీ!" అన్న విసుగు. ఆ విసుగు దగ్గర చాలాసేపు ఆగాను. అది పాఠం కాదు. తీసేశాను.

పదకొండు రోజులు పట్టింది. అప్పుడు అదే బటన్ నొక్కితే ఆవిడ గొంతు వంటింటి దాకా వినిపించింది.

"ఇప్పుడు బస్సుల సుత మంచిగ ఇనబడ్తుంది అంకుల్," అంది అమ్మాయి. "మరి ఆఖరి పాఠం?"

"ఎవరు చదవాలి?"

"మీరే. జెర గట్టిగ చదువుండ్రి."

మర్నాడు మోటారు ఆగాక చదివాను. తప్పులు ఆవిడకంటే ఎక్కువే వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ రికార్డింగు ఆపి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివాను. ఆ సాయంత్రానికి పుస్తకం పూర్తయింది. అమ్మాయి ఇంకో పుస్తకం పేరు చెప్పింది. అదీ మొదలుపెట్టాను.

ఆ గదిలో ఇప్పుడు చప్పట్లు కొట్టడం లేదు.