మా ఇంటి పొద్దుటి దొంగ

నా చిన్నప్పుడు మా ఇంట్లో తపాలా శాఖను నేనే నడిపాను. మా తాతయ్యకూ మా నానమ్మకూ మాటలు లేవు. అసలు లేవని కాదు, ఒకరితో ఒకరికి లేవు. ఇద్దరూ ఒకే వసారాలో, చేయి చాపితే అందేంత దూరంలో కూర్చునేవారు. "మీ తాతకు చెప్పు" అని ఒకరు, "మీ నానమ్మను అడుగు" అని మరొకరు, నా ద్వారానే సంసారం చేసేవారు. నేను నోరు తెరిచేలోపే అవతలివాళ్ళు విని జవాబు కూడా సిద్ధం చేసుకునేవారు. అయినా నేను చెప్పాల్సిందే. నా నోటి నుంచి రాకపోతే అది అందినట్టు కాదు.

ఈ శాఖ పుట్టడానికి కారణం షుగర్.

మాది ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యేచోట ఉన్న ఊరు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఊరికి సెల్‌ఫోను సిగ్నలు ఇంకా రాలేదు. షుగర్ వచ్చింది. వచ్చి, మిగతా ఇళ్ళు చూసుకుని, మా ఇల్లు నచ్చి దిగింది.

చేనుకు దడి కడుతుంటే తాతయ్య కాలి బొటనవేలిలో వెదురు పేడు దిగింది. పీకి పారేశాడు. పసుపు అద్దాడు. మానలేదు. వానలు వెళ్ళి చలి వచ్చినా ఆ పుండు అలాగే, ఇంటికి వచ్చిన చుట్టంలాగా, పోతానంటూనే ఉండిపోయింది. చివరికి టౌనుకు తీసుకెళ్తే డాక్టరు రక్తం చూసి, షుగర్ చాలా ఉంది, అది దిగకపోతే పుండు మానదు, పుండు మానకపోతే వేలు తీసెయ్యాలి అన్నాడు. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. కోస్తా వైపు మనిషి. రోగులంటే ఆయనకు ఎందుకో వ్యక్తిగతంగా కోపం.

పొద్దున చద్దన్నం మానాలి, తీపి మానాలి, జొన్నరొట్టె, ఆకుకూర తినాలి, మాత్ర వేసుకుని వేళకు తినాలి అని ఆయన తాతయ్యకు చెప్పాడు. విన్నది మాత్రం నానమ్మ. ఆ రోజు నుంచి మా వంటగదిలో కర్ఫ్యూ పెట్టారు.

మా తాతయ్యకు అంతకుముందు పొద్దుటి పూట అంటే గంపెడు చద్దన్నం, గడ్డపెరుగు, పక్కన మామిడికాయ తొక్కు. ఆ స్థానంలో ఒక జొన్నరొట్టె వచ్చి కూర్చుంది. నానమ్మ జీవితంలో ఎన్నో వంటలు చక్కగా చేసింది. రొట్టె వాటిలో లేదు. మొదటి రోజు తాతయ్య దాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది రొట్టెనా, చెప్పు అడుగు అట్టనా, మీ నానమ్మను అడుగు."

"చెప్పయితే నెత్తి మీద పడేది, కంచంల ఎందుకు పడ్తదని చెప్పు మీ తాతకు."

తాతయ్య సగం తుంచి కుక్కకు వేశాడు. కుక్క వాసన చూసి, కాసేపు ఆలోచించి, మర్యాదగా పక్కకు వెళ్ళి పడుకుంది. దాంతో నానమ్మకు కుక్కతో కూడా మాటలు పోయాయి. చక్కెర లేని టీ గ్లాసును తాతయ్య ఒక్క గుక్క కూడా ముట్టకుండా చల్లారేదాకా చూసి, చల్లారాక మొక్కల్లో పోసేవాడు. అయినా రొట్టె తినేవాడు. తిట్టుకుంటూ, నీళ్ళతో మింగుతూ, తినేవాడు. అది నేను రోజూ చూశాను కాబట్టి చెప్తున్నాను.

మా పొద్దులు ఇలా నడిచేవి. చీకటి విడవగానే చెట్టు గీసే ఆయన మా చేని గట్టు మీది జీలుగు చెట్టు కల్లు దింపి, మా వంతు కుండలో పోసి పోయేవాడు. నానమ్మ ఒక సత్తు లోటా నిండా తాతయ్యకు పోసి ఇచ్చేది. ఆయన నిలబడే తాగి మూతి తుడుచుకునేవాడు. ఆ తర్వాత మాత్ర, ఆ తర్వాత రొట్టె, ఆ తర్వాత తిట్లు. ఆ లోటా ఒక్కటే ఇద్దరూ గొడవ పడకుండా చేసే పని. పుచ్చుకునేటప్పుడు వేళ్ళు తగిలేవి కూడా. కాల్పుల విరమణ లాంటిది.

రెండోసారి పరీక్షకు వెళ్తే షుగర్ దిగలేదు. డాక్టరు తాతయ్యను వదిలి నానమ్మ మీద పడ్డాడు. "ఏం పెడుతున్నావమ్మా ఈయనకి?" జొన్నరొట్టె తప్ప ఏమీ పెట్టడంలేదని ఆమె చెప్పింది. "ఇంట్లో రొట్టే పెడుతున్నావేమో. బయట ఏం మేస్తున్నాడో చూసుకో. ఇలాగే ఉంటే వచ్చేసారికి వేలు ఉండదు" అని చీటీ విసిరినట్టు ఇచ్చాడు.

నలుగురిలో ఆ మాట పడేసరికి నానమ్మ ముఖం నల్లబడింది.  ఊళ్ళో జీపు దిగాక ఇంటికి పోలేదు, నేరుగా మా ఊరి హోటలుకు పోయింది. "మా ముసలాయనకు పూరి గిట్ల పెట్టినవనుకో, నీ పొయ్యిల నీళ్ళు పోస్త" అంది. హోటలాయన దేవుని పటం మీద చేయి వేసి, ఆయన ఈ మధ్య ఇటువైపే రాలేదు పెద్దమ్మా అన్నాడు. నానమ్మ నమ్మలేదు. దేవుడి పటానికి నూనె జిడ్డు ఉందట, దాని మీద ప్రమాణం చెల్లదట.

అక్కడి నుంచి ఆమె దర్యాప్తు మొదలుపెట్టింది. తాతయ్య తువ్వాలు వాసన చూసేది. మీసాల్లో బెల్లం పొడి వెతికేది. చేను నుంచి రాగానే నన్ను పంపి, చేతులు వాసన చూడమనేది. బజ్జీ వాసన ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు కాబట్టి ఆ పోస్టుకు నాకు అర్హత ఉందని ఆమె అభిప్రాయం. ఆ చేతులకు మట్టి వాసన, బీడీ వాసన తప్ప మరొకటి ఉండేది కాదు. అదే చెప్పేదాన్ని. అయితే కడుక్కున్నడు అనేది.

ఒక పొద్దున బోరింగు దగ్గర ఆడవాళ్ళందరూ బిందెలతో ఉండగా, వసారాలో ఉన్న తాతయ్యకు వినబడేలా గొంతెత్తింది.

"మా ఇంట్ల దొంగ ఉన్నడమ్మా! నేను రొట్టెలు కొట్టుకుంట చస్తుంటే, తినేది తినుకుంట, తినలే అంటడు. దొంగ!"

ఎవరో నవ్వారు. ఒకరు నవ్వాక ఇంకొకరు నవ్వకుండా ఉండటం మా వాడలో కష్టం.

మా తాతయ్య గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. చుట్టుపక్కల గట్టు తగాదా వస్తే రెండు పక్షాలూ ఆయననే పిలిచేవి. ఈ రాయి ముందు ఇక్కడే ఉండెనా అని అడిగితే ఆయన అవ్ అంటే అవ్, లేదంటే లేదు. ఆ తర్వాత ఎవరూ కొలిచేవారు కాదు. ఆయన దగ్గర ఉన్న ఆస్తి దాదాపు అదే. దాన్ని మా నానమ్మ బోరింగు దగ్గర బిందెడు నీళ్ళలో కలిపేసింది.

తాతయ్య లేచి, కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "నేను తినలే అని చెప్పు. ఇగ నేనేం చెప్ప" అన్నాడు.

నేను చెప్పాను. నానమ్మ ముక్కుతో ఒక శబ్దం చేసింది. ఆ రోజుతో తపాలా బంద్ అయింది. తిట్లు కూడా ఆగిపోయాయి. ఇది రొట్టెనా, చెప్పు అట్టనా అని అడిగేవాళ్ళు లేరు. తాతయ్య పెట్టింది తినేవాడు, మాత్ర మింగేవాడు, కిరాణా కొట్టు అరుగు మీదికి పోవడం మానేసి గోడవైపు తిరిగి కూర్చునేవాడు. అంతకాలం వాళ్ళు పోట్లాడుకుంటుంటే ఇల్లు పాడైపోతోందని అనుకున్నాను. పోట్లాట ఆగిపోయాక తెలిసింది, పాడవడం అంటే ఏమిటో. వేలి చుట్టూ నలుపు మాత్రం పెరుగుతూనే ఉంది.

మూడోసారి పరీక్షకు వెళ్ళే రోజు వచ్చింది. వేలు ఉంటుందో పోతుందో ఆ రోజు తేలిపోతుంది. ఇద్దరికీ మాటలు లేవు కాబట్టి నన్ను బడి మాన్పించి వెంట తీసుకెళ్ళారు. పరగడుపున రావాలని డాక్టరు చెప్పాడు. నానమ్మ పొయ్యి వెలిగించలేదు. మంచినీళ్ళ కుండ మీద తన చేత్తో రాయి పెట్టింది. ఎంత కఠినంగా కాపలా కాసిందంటే, తాతయ్య ఆవలించినా నోట్లోకి చూసింది.

డాక్టరు కాగితం చూసి పెన్ను బల్ల మీద పడేశాడు. తగ్గలేదు. మాత్ర పెంచుతానని రాయబోతూ, ఎందుకో ఆగి, ఈసారి అరవకుండా, ఇంకా భయపెట్టేంత మెల్లగా అడిగాడు. "అమ్మా, ఇవాళ ఈయన నిద్ర లేచిన దగ్గర్నుంచి ఇక్కడికొచ్చేదాకా ఏం జరిగిందో ఒక్కటీ వదలకుండా చెప్పు."

నానమ్మ చీర కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఇన్నాళ్ళకు తన పనితనం చెప్పుకునే అవకాశం వచ్చింది.

"లేచిండు సార్. వేపపుల్లతోని పళ్ళు తోముకున్నడు. మంచినీళ్ళు గూడ ముట్టనియ్యలె. పొయ్యే ముట్టియ్యలె నేను. కల్లు పోసిన, తాగిండు, జీపెక్కినం."

"ఏం పోశావు?"

"కల్లు సార్. జీలుగు కల్లు. పరగడుపున తాగేది అదేనాయె."

"రోజూ పోస్తావా?"

"రోజు పొయ్యనా మరి? చలువ గదా సార్. కడుపుల ఏం లేకుంట మాత్రెట్ల మింగుతడు?"

డాక్టరు మా ముగ్గురినీ చూశాడు. "తియ్యగా ఉంటుందా?"

"పొద్దుటి కల్లు తియ్యగ గాక ఎట్లుంటది సార్? పానకం లెక్క..."

ఆ మాట మధ్యలో ఆగిపోయింది. నోటి నుంచి బయటికి వచ్చిన మాటను ఆమె తన చెవులతోనే వింది. నేను పక్కనే ఉన్నాను. ఒక మనిషి ముఖంలో తెల్లవారడం అంటే ఏమిటో ఆ రోజు చూశాను. అంత అందంగా ఏమీ ఉండదు.

దీన్ని ఎవరూ దాచలేదు. ఊరంతా చూస్తుండగా వసారాలో పోసిన కల్లు అది. మా వైపు పొద్దుటి జీలుగు కల్లును ఎవరూ తిండిలో వేసుకోరు, తాగుడులోనూ వేసుకోరు. జ్వరం నుంచి లేచినవాళ్ళకు కూడా ఒక గుటక పోస్తారు. అది చెట్టు ఇచ్చిన నీళ్ళు, అంతే. అరటిపండును, ఆలుగడ్డను, చివరికి దేవుడి ప్రసాదాన్ని కూడా గడప దాటనివ్వని మా నానమ్మ, చక్కెర నీళ్ళను తన చేత్తోనే లోటా నింపి ఇచ్చింది. తాతయ్యకు కూడా తట్టలేదు. తట్టి ఉంటే ఆయన చెప్పేవాడు. ఆయనకు వేరేది రాదు.

డాక్టరు మాత్ర పెంచలేదు. కల్లూ మాత్రా కలిసి కడుపులో పడి ఏదో ఒక రోజు కళ్ళు తిరిగి పడిపోలేదంటే మీ అదృష్టం అన్నాడు. కల్లు పూర్తిగా మానెయ్యాలి, ఉత్తి రొట్టె, మాత్రతో చూద్దాం, అప్పటిదాకా వేలి జోలికి పోను అన్నాడు. ఆ రోజు ఆయన తిట్టకుండా పంపించిన రోగులం మేమేనేమో.

జీపులో నానమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తాతయ్య కాలిని చూసుకుంటూ కూర్చున్నాడు. నేను మధ్యలో కూర్చున్నాను, పంచడానికి ఏమీ లేని తపాలా బంట్రోతు లాగా.

ఇల్లు చేరాక తాతయ్య వసారాలో తన గోడవైపు తిరిగాడు. ఇక ఆమె లోపలికి పోయి వంట చేస్తుంది, కల్లు పోయడం ఆపేస్తుంది, ఈ విషయం ఎవరూ ఎత్తరు, పెద్దవాళ్ళు అంతే అనుకున్నాను. ఆమె లోపలికి పోలేదు. సాయంత్రం నీళ్ళ వేళ దాకా గడపలో కూర్చుంది. బోరింగు దగ్గర బిందెలు చేరాక, ఆడవాళ్ళందరూ వచ్చారని చూసుకుని, లేచి వసారా అంచుకు వచ్చింది. తాతయ్య ఆమెకు రెండు బారల దూరంలో ఉన్నాడు. అయినా నా వైపు తిరిగి, ఆనాటి గొంతుతోనే, ఒక్క పిసరు తగ్గించకుండా అరిచింది.

"దొంగ దొరికింది అని చెప్పవే మీ తాతకు!"

బోరింగు చప్పుడు ఆగింది. నేను తాతయ్య దగ్గరికి వెళ్ళి చెప్పాను.  ఆయన గోడను చూస్తూనే అన్నాడు.

"ఎవరంట?"

నేను వెనక్కి వచ్చాను.

"ఆయన పెళ్ళామంట అని చెప్పు! కల్లు పోసి పోసి షుగరు పెంచింది నేనేనంట అని చెప్పు! ఆయన తినలే అంటే తిననట్టేనంట అని చెప్పు!"

 ఈసారి బోరింగు దగ్గర ఎవరూ నవ్వలేదు. నేను మోసుకెళ్ళిన ఉత్తరాల్లో అంత బరువైనది అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. తాతయ్య విని, గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. మీసం ఒకసారి నిమురుకున్నాడు.

"దొంగను పట్టిచ్చినోళ్ళు టీ గిట్ల పోస్తరేమో అడుగు. చక్కెర లేకుంటనే."

నానమ్మ లోపలికి పోయింది. పొయ్యి ముట్టించిన చప్పుడు వినిపించింది. ఆ టీ తాతయ్య మొక్కల్లో పోయలేదు.

వేలు దక్కింది. గోరు పోయింది, అది పెద్ద నష్టంగా ఎవరూ భావించలేదు. రొట్టె ఏమాత్రం మెరుగుపడలేదు. మర్నాటి నుంచే తాతయ్య దాన్ని చెప్పు అనడం, నానమ్మ నెత్తి మీది మాట ఎత్తడం మళ్ళీ మొదలైంది. నాకు చేతి నిండా పని దొరికింది.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. వారసత్వంగా నాకు షుగర్ వచ్చింది. పొలం మా బాబాయికి వెళ్ళింది. మా పిల్లల లెక్కలో నేను ముసలిదాన్నే కాబట్టి, ముసలితనపు జబ్బు కాస్త ముందే వస్తే ఆశ్చర్యపోలేదు. పొద్దున్నే వేలు పొడుచుకుని మిషను చూస్తాను. మొన్నామధ్య ఎంత జాగ్రత్తగా ఉన్నా అంకె దిగలేదు. మిషను చెడిందన్నాను. మాత్ర నకిలీదన్నాను. చివరికి, టీ పెట్టేది మా వారే కాబట్టి, ఆయనే నా గ్లాసులో చక్కెర వేస్తున్నారని పక్కింటి వాళ్ళకు వినబడేలా అన్నాను. ఆయన వేయలేదన్నారు. నేను ముక్కుతో ఒక శబ్దం చేశాను.

ఆ శబ్దం ఎక్కడో విన్నట్టు అనిపించింది.

అప్పుడు కూర్చుని, నిద్ర లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తున్నానో నాకు నేనే ఒక్కటీ వదలకుండా చెప్పుకున్నాను. మా చిన్నది బడికి పోయేముందు రోజూ సగం వదిలేసే పాల గ్లాసు ఉంది. అడుగున చక్కెర, చాక్లెట్ పొడి. పారబోయడం ఎందుకని మిషను చూసుకునే ముందే, సింకు దగ్గర నిలబడే తాగేస్తాను. అది తినడం కాదు కదా. గ్లాసు కడగడంలో భాగం.

లేచి హాల్లోకి వెళ్ళాను. పక్కింటి వాళ్ళ కిటికీ తెరిచే ఉందని చూసుకున్నాను. దొంగ దొరికింది, నేనే, మీరు చక్కెర వేయలేదు అని, అంతకుముందు ఎంత గొంతుతో అన్నానో అంత గొంతుతోనే అన్నాను. తిట్టడానికి గొంతు దానంతట అదే లేస్తుంది. దీనికి మాత్రం మా నానమ్మ దగ్గర అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది.

మా వారు పేపరు మడిచి పక్కన పెట్టి, నా వైపు చూశారు. మా తాతయ్య అయితే టీ అడిగేవాడు.