అడవి మట్టిలో అరగజం గుడ్డ

మా మేడమ్ పోయారని మంగళవారం పొద్దున కాలేజీలో ఉండగా ఫోన్ వచ్చింది. పెట్టేసి క్లాసుకు వెళ్లాను. ఆ రోజు శిలీంధ్రాల పాఠమే. బోర్డు మీద బొమ్మ గీశాను, భాగాల పేర్లు రాశాను. గంట కొట్టాక కూడా ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

కడపలో నాకు డిగ్రీలో వృక్షశాస్త్రం చెప్పిన మనిషి ఆమె. ఆదివారం చర్చి, మిగతా రోజులు ల్యాబ్. ఒంటిమిట్ట అవతలి కొండల్లో రాలిన ఆకుల్నీ కట్టెల్నీ కుళ్లబెట్టే మట్టి బూజుల మీద ఆమె పరిశోధన. ఆకుకూ కట్టెకూ బిగువునిచ్చే సెల్యులోజ్ మన కడుపులో అరగదు, ఆ బూజులకు అరుగుతుంది. మట్టి సంచులు విప్పగానే మేం ముక్కు మూసుకుంటే, "కంపు అనొద్దు పాపా. ఆడ వంట జరుగుతాండాది" అనేవారు.

దూదిలో ఉండేదీ దాదాపు అంతా సెల్యులోజే. అందుకని, అడవి మట్టిలో పాతి బూజులు ఎంత తింటాయో చూసేందుకు, రంగు వేయని నూలు గుడ్డ కోసం మా ఇంటికి వచ్చారు. మా నాయన నేతగాడు. సంగతి విని మొహం తిప్పుకున్నాడు.

"మేము నేసేది మనుషులు కట్టుకునేదానికి మేడమ్. మన్నులో కుళ్లబెట్టేదానికి కాదు."

ఆమె నొచ్చుకోలేదు. మోకాళ్ల నొప్పితోనే మగ్గం పక్కన నేల మీద కూర్చున్నారు. "అడవిలో రాలిందంతా అట్లే పడుంటే కొత్త చెట్టుకు కూడు యాడ నుంచి వస్తాదన్నా?"

మర్నాడు నాయన అరగజం గుడ్డ, గంజి పోయేలా ఉడకేసి, నా చేతికిచ్చాడు.

దాన్ని ముక్కలు చేసి, వల సంచుల్లో పెట్టి, వానలు మొదలయ్యాక అడవిలో పాతాం. రెండు నెలలకు తవ్వితే జల్లెడలా ఉన్నాయి. ఒక ముక్కను మేడమ్ స్వయంగా తెచ్చి నాయన అరచేతిలో పెట్టారు. ఆయన వెలుతురుకేసి పట్టి శానాసేపు చూశాడు.

"పోగుపోగూ తిన్నాయే! మాకంటే ఓపికుండాది వీటికి."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత నాయన నా వైపు తిరిగాడు. "నువ్వు చదివేది ఇదేనా?"

"అవున్నాయనా."

డిగ్రీ అవగానే నన్ను మగ్గంలో కూర్చోబెడదామనుకున్న మనిషి. "అయితే పై చదువు యాడుంటే ఆడికి పో" అన్నాడు. ఈ రోజు నేను పాఠం చెబుతున్నానంటే ఆ మాట వల్లే.

సమాధి దగ్గర ప్రార్థన ముగిశాక మేడమ్ చెల్లెలు నన్ను వాళ్ల ఇంటికి తీసుకెళ్లి ఫ్రిజ్ తెరిచింది. పెరుగు గిన్నెకూ ఊరగాయ సీసాకూ మధ్య, దూది బిరడాలు పెట్టిన గాజు గొట్టాలు. ఒక్కోదాని మీద మేడమ్ చేతిరాత: ఒంటిమిట్ట మట్టి, తేదీ.

"వీటిని ఏం చేయాల పాపా?"

ఒక గొట్టం చేతిలోకి తీసుకున్నాను. ఫ్రిజ్ తలుపు అట్లే తెరిచిపెట్టి నిలబడ్డాను. చల్లటి గాజు మీద చెమ్మ పట్టింది. లోపల బూజు పచ్చగా, బతికే ఉంది.